శాంప్లర్ (సంగీత పరికరం)

శాంప్లర్ అనేది ముందుగా నమోదు చేసిన ధ్వని ముక్కలను భద్రపరచి, మీటను గాని మెత్తని పలకను గాని నొక్కినప్పుడు వాటిని తిరిగి వినిపించే ఎలక్ట్రానిక్ సంగీత పరికరం. ఆ ధ్వని ముక్కను శాంపిల్ అంటారు. వీణ, వయొలిన్, మృదంగం వంటి వాద్యాలకు తమదైన నాదం ఉంటుంది. శాంప్లరుకు తనదంటూ నాదం లేదు. దానిలో ఏ ధ్వనిని నింపితే ఆ ధ్వనినే పలుకుతుంది. కంప్యూటరుతో పని లేకుండా, ధ్వనిని నమోదు చేయడం మొదలు పూర్తి పాటను కూర్చడం వరకు అన్ని పనులూ ఒకే పెట్టెలో జరిగే శాంప్లరును స్వతంత్ర శాంప్లర్ అంటారు.

ఒక్కొక్క శాంప్లరుకు ఒక్కొక్క పని క్రమం ఉంటుంది. ఒకదానికి అలవాటు పడిన సంగీతకారుడు మరొకదానికి మారినప్పుడు చేతివేళ్ళు నేర్చుకున్న క్రమాన్ని మళ్ళీ నేర్చుకోవలసి వస్తుంది. చెవి నేర్చుకున్న శ్రుతిజ్ఞానం, తాళజ్ఞానం మాత్రం మారవు. తెలుగు సంగీతంలో సాధనాలు మారినప్పుడు కళాకారులు ఎలా మారారో తెలుసుకోవడానికి సాలూరు ప్రాంతపు సంగీత కుటుంబాల చరిత్ర మంచి ఉదాహరణ.

పనిచేసే విధానం

మైకు గాలిలోని ధ్వని కంపనాలను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. శాంప్లర్ ఆ సంకేతాన్ని సెకనుకు కొన్ని వేల సార్లు కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా భద్రపరుస్తుంది. కాంపాక్ట్ డిస్కు ప్రమాణం ప్రకారం సెకనుకు 44,100 కొలతలు తీసుకుంటారు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, అనగా 2 బైట్లు పడుతుంది. కుడి, ఎడమ రెండు వైపుల ధ్వనికి కలిపి సెకనుకు 1,76,400 బైట్లు, నిమిషానికి సుమారు 1.06 కోట్ల బైట్ల చోటు కావాలి. ఒకే వైపు ధ్వని అయితే ఇందులో సగం సరిపోతుంది. ఈ లెక్కన 1.44 మెగాబైట్ల ఫ్లాపీ డిస్కులో పట్టేది 16 సెకన్ల ధ్వని మాత్రమే. తొలినాటి శాంప్లర్లలో పాట మొత్తం కాక చిన్న ముక్కలను మాత్రమే ఎందుకు వాడేవారో దీనిని బట్టి అర్థమవుతుంది.

శాంపిల్‌ను నమోదు చేసిన వేగంతోనే వినిపిస్తే అసలు స్వరం పలుకుతుంది. రెట్టింపు వేగంతో వినిపిస్తే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది, కాని నిడివి సగమవుతుంది. టేపు రికార్డరులో టేపు వేగంగా తిరిగితే గొంతు సన్నబడటం ఇటువంటిదే. ఒక స్వరస్థానం పైకి జరపడానికి వేగాన్ని సుమారు 1.0595 రెట్లు చేయాలి. 12 స్వరస్థానాలు జరిపితే వేగం సరిగ్గా 2 రెట్లు అవుతుంది. నిడివి మారకుండా స్థాయిని మాత్రమే మార్చే పద్ధతి తరువాతి కాలపు యంత్రాలలో వచ్చింది.

శాంప్లర్లలో తరచుగా వినవచ్చే మాటలు ఇవి:

• లూపు - ధ్వని ముక్క చివరకు చేరగానే మళ్ళీ మొదటి నుండి వినిపించడం. తంబుర శ్రుతికి ఇది ఉపయోగపడుతుంది.
• స్లైసింగ్ - ఒక పొడవైన ధ్వనిని దెబ్బ దెబ్బకు కోసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క పలకపై ఉంచడం.
• సీక్వెన్సరు - ఏ పలకను ఏ క్షణాన, ఎంత బలంగా నొక్కారో గుర్తుంచుకొని తిరిగి నడిపించే భాగం.
• క్వాంటైజ్ - కొద్దిగా ముందు వెనుకలుగా పడిన దెబ్బలను సరైన లయస్థానానికి జరపడం.
• రీశాంప్లింగ్ - యంత్రం వినిపిస్తున్న ధ్వనిని ఆ యంత్రంలోనే కొత్త శాంపిల్‌గా తిరిగి నమోదు చేయడం.

చరిత్ర

తొలి యంత్రాలు

శాంప్లరుకు పూర్వరూపం టేపుతో పనిచేసే కీబోర్డు. 1963లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మెలోట్రాన్ తయారయింది. దీనిలో ఒక్కొక్క మీట కింద ఒక టేపు ముక్క ఉంటుంది. మీటను నొక్కి పట్టుకుంటే సుమారు 8 సెకన్ల పాటు ఆ వాద్యధ్వని వినిపిస్తుంది.

ధ్వనిని అంకెలుగా మార్చి వాడే పరికరాలలో ప్రసిద్ధమైనది 1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ రూపొందించిన ఫెయిర్‌లైట్ సి.ఎమ్.ఐ. దాని ధర చాలా ఎక్కువ కావడం వలన పెద్ద స్టూడియోలు మాత్రమే కొనగలిగాయి. 1981లో ఈ-మ్యూ సంస్థ ఎమ్యులేటర్, 1984లో ఎన్సోనిక్ సంస్థ మిరాజ్ అనే శాంప్లర్లను తెచ్చాయి. 1983లో మిడి ప్రమాణం వచ్చింది. దీని వలన వేర్వేరు సంస్థల పరికరాలను ఒకదానితో ఒకటి కలిపి నడపటం సాధ్యమయింది.

పలకల యంత్రాలు

1980లో అమెరికాకు చెందిన రోజర్ లిన్ నిజమైన డ్రమ్ముల ధ్వనులను వినిపించే ఎల్.ఎమ్.-1 అనే లయ యంత్రాన్ని తయారు చేశాడు. 1987లో వచ్చిన ఈ-మ్యూ ఎస్.పి.-1200లో మొత్తం 10 సెకన్ల ధ్వనికి మాత్రమే చోటు ఉండేది. వాడుకరులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన గ్రామఫోను రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి నమోదు చేసి, ఆ తరువాత యంత్రంలో స్థాయిని తగ్గించుకొనేవారు. ఇలా 10 సెకన్ల చోటులో 13.5 సెకన్ల సంగీతం పట్టేది. ధ్వని కొంత గరుకుగా మారేది. ఆ గరుకుదనమే తరువాత హిప్-హాప్ సంగీతానికి ఒక గుర్తుగా నిలిచింది.

1988లో జపానుకు చెందిన అకాయ్ సంస్థ రోజర్ లిన్ రూపకల్పనతో ఎమ్.పి.సి.60ను విడుదల చేసింది. నాలుగు వరుసలలో నాలుగేసి చొప్పున 16 మెత్తని పలకలు, శాంప్లర్, సీక్వెన్సరు ఒకే పెట్టెలో అమరిన యంత్రమిది. పియానో మీటలు రానివారు కూడా వేళ్ళతో తాళం వేసినట్లుగా దీనిని వాయించగలిగారు. తరువాత వచ్చిన పలకల యంత్రాలు చాలా వరకు ఈ అమరికనే అనుసరించాయి.

కంప్యూటరు నుండి మళ్ళీ పెట్టెకు

1990ల చివరి నుండి కంప్యూటరు సాఫ్టువేర్లు శాంప్లరు పనిని చేయసాగాయి. అకాయ్ సంస్థ కూడా 2012లో విడుదల చేసిన ఎమ్.పి.సి. రెనైసాన్స్‌ను కంప్యూటరుతో కలిపి మాత్రమే పనిచేసేలా తయారు చేసింది. కొంతకాలానికి స్వతంత్ర యంత్రాలపై ఆసక్తి మళ్ళీ పెరిగింది. 2017లో ఎమ్.పి.సి. లైవ్, ఎమ్.పి.సి. ఎక్స్, స్వీడను దేశపు ఎలెక్ట్రాన్ సంస్థ వారి డిజిటాక్ట్, 2021లో రోలాండ్ ఎస్.పి.-404 మార్క్ 2 వచ్చాయి. ఎమ్.పి.సి. లైవ్‌లో తిరిగి చార్జి చేసుకొనే బ్యాటరీ ఉంది. ఎస్.పి.-404 మార్క్ 2 ఆరు పెన్ను బ్యాటరీలతో కూడా నడుస్తుంది. కరెంటు పోయినా ఆగని ఈ సౌకర్యం జాతర వేదికల వంటి చోట్ల ఉపయోగకరం.

పని క్రమం

ఏ శాంప్లరులోనైనా పాట తయారీ ఐదు దశలలో జరుగుతుంది: ధ్వనిని నమోదు చేయడం, అనవసరమైన భాగాలను కోసివేయడం, ముక్కలను పలకలకు అప్పగించడం, వాయించి చిన్న ఖండాలుగా నిలుపుకోవడం, ఆ ఖండాలను వరుసగా పేర్చి పాటగా మార్చడం. యంత్రాల మధ్య తేడా ఈ దశలు ఏ వరుసలో వస్తాయి, ఏ దశ సులువు, ఏ దశ కష్టం అన్న విషయంలోనే ఉంటుంది. ముఖ్యంగా మూడు రకాల పద్ధతులు కనిపిస్తాయి.

వాయించి నమోదు చేసే పద్ధతి: ఎమ్.పి.సి. యంత్రాలు దీనికి ఉదాహరణ. లయ గంట వినిపిస్తూ ఉండగా సంగీతకారుడు పలకలపై వాయిస్తాడు. ఒక్కొక్క ఖండాన్ని సీక్వెన్సు అంటారు. మృదంగం, డప్పు, తబలా వాయించేవారి చేతికి ఈ పద్ధతి దగ్గరగా ఉంటుంది.

గళ్ళు నింపే పద్ధతి: డిజిటాక్ట్ దీనికి ఉదాహరణ. కాలాన్ని గళ్ళుగా విభజించి, ఏ గడిలో ఏ ధ్వని రావాలో మీటలతో గుర్తిస్తారు. ఒక్కొక్క గడికి ధ్వని గుణాన్ని విడిగా మార్చవచ్చు. స్వరలిపి రాసే అలవాటు ఉన్నవారికి, అక్షరకాలాలు లెక్కించేవారికి ఇది త్వరగా పట్టుబడుతుంది.

వాయిస్తూ మార్చే పద్ధతి: ఎస్.పి.-404 వరుస యంత్రాలు దీనికి ఉదాహరణ. వినిపిస్తున్న ధ్వనికి ప్రతిధ్వని మొదలైన మార్పులు చేస్తూ, ఆ ఫలితాన్ని వెంటనే రీశాంప్లింగ్ ద్వారా నిలుపుకొంటారు. వెనుకకు వెళ్ళి సవరించే అవకాశం ఇందులో తక్కువ. వేదికపై వాయించేవారికి ఇది అనుకూలం.

కొత్త పని క్రమానికి అలవాటు పడటం

తెలుగు టైపు మిషనుపై వేగంగా కొట్టగలిగినవారు కంప్యూటరు కీబోర్డుకు మారినప్పుడు కొన్ని వారాలు తడబడ్డారు. వారికి భాష రాక కాదు, అక్షరాల చోటు మారినందువలన. శాంప్లర్ మార్చినప్పుడు కలిగే ఇబ్బంది ఇటువంటిదే. దీనిలో నాలుగు అంశాలు ముఖ్యమైనవి.

మాటల అర్థం మారడం

ఒకే మాట రెండు యంత్రాలలో రెండు అర్థాలతో ఉంటుంది. ఎమ్.పి.సి.లో ఒక డ్రమ్ము ట్రాకులో 16 పలకల సముదాయాలు ఎనిమిది, అనగా 128 ధ్వనులు ఉండవచ్చు. 2017 నాటి డిజిటాక్ట్‌లో ఒక ట్రాకు ఒక వేళకు ఒక ధ్వనినే పలుకుతుంది. అటువంటి ట్రాకులు మొత్తం ఎనిమిది. కాబట్టి ఆరు రకాల డప్పు దెబ్బలను ఒకేసారి పలికించే ఏర్పాటుకు ఎమ్.పి.సి.లో ఒక ట్రాకు చాలు, డిజిటాక్ట్‌లో ఆరు ట్రాకులు పోతాయి. మిగిలిన రెండింటితో పాట నడపాలి. ఇది యంత్రపు లోపం కాదు. ఒక ట్రాకులోనే గడి గడికి శాంపిల్‌ను మార్చుకొనే వీలు దానిలో ఉంది. పాత యంత్రపు అలవాటుతో ఆలోచించేవారికి ఈ మార్గం తట్టదు.

ఒకే యంత్రంలో క్రమం మారడం

పెట్టె మారకపోయినా లోపలి సాఫ్టువేరు మారితే పని క్రమం మారుతుంది. ఎమ్.పి.సి. రెండవ తరం సాఫ్టువేరులో ట్రాకు వేరు, ధ్వనుల సముదాయమైన ప్రోగ్రాము వేరు. రెండు ట్రాకులు ఒకే ప్రోగ్రామును పంచుకొనే వీలుండేది. 2024-25 కాలంలో వచ్చిన మూడవ తరం సాఫ్టువేరులో ఈ రెండింటినీ ఒకటిగా కలిపారు. పాటను మొదటి నుండి చివరి వరకు ఒకే కాలరేఖపై పరిచి చూపే తెర కూడా చేర్చారు. కంప్యూటరుపై పనిచేసిన వారికి ఇది సులువు. చిన్న సీక్వెన్సులను పేర్చుకుంటూ ఏళ్ళ తరబడి పనిచేసిన వారు మాత్రం కొంత తిరిగి నేర్చుకోవలసి వచ్చింది. ఇటువంటి మార్పులకు ముందు పాత పాటల నకలును వేరే కార్డులో భద్రపరచుకోవడం, చేతిలో ఉన్న పాటను పూర్తి చేసిన తరువాతనే కొత్త సాఫ్టువేరును ఎక్కించడం మంచిది.

తాళం

చాలా శాంప్లర్లు నాలుగు దెబ్బల ఆవృత్తాన్ని ముందుగా అమర్చుకొని తెరుచుకుంటాయి. ఎనిమిది అక్షరాల ఆదితాళానికి దీనితో చిక్కు లేదు. ఏడు అక్షరాల మిశ్రచాపు, ఐదు అక్షరాల ఖండచాపులకు అమరికను మార్చాలి. గళ్ళ యంత్రంలో ఒక అక్షరానికి రెండు గళ్ళు కేటాయిస్తే మిశ్రచాపు ఆవర్తనానికి 14 గళ్ళు పడతాయి. 64 గళ్ళు గల ఖండంలో నాలుగు ఆవర్తనాలు (56 గళ్ళు) వేసి, ఖండం నిడివిని 56గా నిర్ణయించాలి. నిడివి మార్చడం మరచిపోతే ఎనిమిది గళ్ళ ఖాళీ వచ్చి తాళం తప్పుతుంది. లయ వేగం నిమిషానికి 120 అయితే ఒక దెబ్బకు అర సెకను, నాలుగు దెబ్బలకు రెండు సెకన్లు. కోసిన లూపు నిడివి ఈ లెక్కకు సరిపోతే చెవికి అతుకు తెలియదు.

క్వాంటైజ్‌ను మితంగా వాడాలి. జానపద వాద్యాలలో దెబ్బ లయస్థానానికి వెంట్రుకవాసి ముందో వెనుకో పడటం వాయించేవారి శైలిలో భాగం. అన్నింటినీ గీత గీసినట్లు సరిచేస్తే ఆ నడక పోతుంది.

శ్రుతి

శాంప్లరులోని మీటలు 12 సమాన స్వరస్థానాలుగా అమరి ఉంటాయి. కర్ణాటక సంగీతంలోని గమకాలు ఒక స్వరస్థానం నుండి మరొకదానికి జారుతూ, ఊగుతూ నడుస్తాయి. ఒక్కొక్క స్వరాన్ని విడిగా నమోదు చేసి మీటలతో వాయిస్తే గమకం రాదు. అందువలన గమకంతో కూడిన సంగతి మొత్తాన్ని ఒకే శాంపిల్‌గా నమోదు చేస్తారు. అప్పుడు గాయకుని శ్రుతి ముఖ్యమవుతుంది. ఒకటి శ్రుతిలో నమోదు చేసిన సంగతిని రెండు శ్రుతికి జరపాలంటే రెండు స్వరస్థానాలు పెంచాలి, అనగా వేగం సుమారు 1.12 రెట్లు కావాలి. రెండు మూడు స్థానాలకు మించి జరిపితే గొంతు అసహజంగా వినిపిస్తుంది. కాబట్టి పాట శ్రుతిని ముందే నిర్ణయించుకొని నమోదు చేయడం ఉత్తమం.

అలవాటు పడటానికి ఒక క్రమం

కొత్త యంత్రంలోని సౌకర్యాలన్నింటినీ ఒకేసారి నేర్చుకోవడానికి ప్రయత్నిస్తే పాట పూర్తి కాదు. పాత యంత్రంపై చేసిన ఒక చిన్న పాటను కొత్తదానిపై మొదటి నుండి చివరి వరకు తిరిగి కూర్చడం సులువైన మార్గం. తంబుర శ్రుతి, ఒక లయ, ఒక గొంతు ఉంటే చాలు. ఫలితం ఎలా ఉండాలో చెవికి ముందే తెలుసు కాబట్టి మనసు పని క్రమంపైనే నిలుస్తుంది. ఐదు దశలలో చేయి ఎక్కడ ఆగిందో గుర్తించి, ఆ ఒక్క దశను వివరణ పుస్తకంలో చదువుకోవాలి. శాంపిళ్ళకు వాద్యం, శ్రుతి, వేగం తెలిసేలా పేర్లు పెట్టడం, ప్రతి దశ తరువాత భద్రపరచడం మొదటి రోజు నుండే అలవాటు చేసుకోవాలి. తొలినాటి యంత్రాలలో కరెంటు పోతే ఫ్లాపీలోకి ఎక్కించని శాంపిళ్ళన్నీ చెరిగిపోయేవి.

సాలూరు సంగీత కుటుంబాలు - మారిన సాధనాలు

సాలూరు తూర్పు కనుమల దిగువన వేగావతి నది ఒడ్డున ఉన్న పట్టణం. విజయనగరం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. లారీ రవాణా పరిశ్రమకు పేరుపొందిన ఈ ఊరికి సంగీతంలోనూ ప్రసిద్ధి ఉంది. స్థిరమైన స్వరస్థానాలు గల యంత్రంతో గమకప్రధానమైన సంగీతాన్ని ఎలా పలికించాలన్న ప్రశ్న ఈ ప్రాంతపు కళాకారులకు శాంప్లర్ రాకకు చాలా కాలం ముందే, హార్మోనియం రూపంలో ఎదురైంది.

పట్రాయని నరసింహశాస్త్రిని సాలూరు పెద గురువు అని, ఆయన కుమారుడు పట్రాయని సీతారామశాస్త్రిని (1900-1957) సాలూరు చిన గురువు అని పిలిచేవారు. సీతారామశాస్త్రి విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. ఘంటసాల వేంకటేశ్వరరావు వీరి శిష్యులు. సీతారామశాస్త్రి హార్మోనియం వాయించుకుంటూ పాడేవారు. ఆకాశవాణి 1940 మార్చి 1 నుండి హార్మోనియంను నిషేధించింది. దాని స్థిర స్వరాలు భారతీయ సంగీతానికి సరిపడవన్నది ప్రధాన వాదం. ఈ నిషేధాన్ని 1971లో సడలించారు. నిషేధ కాలంలో కూడా హరికథలు, నాటకాలు, సంగీత పాఠశాలలు హార్మోనియంను విడువలేదు. మీట ఇవ్వలేని జారును గొంతు ఇచ్చేది. శాంప్లర్ విషయంలో ఈనాడు వినిపించే ఆక్షేపణ, దానికి దొరికే సమాధానం రెండూ హార్మోనియం నాటివే.

సాలూరు సమీపంలోని శివరామపురంలో జన్మించిన సాలూరు రాజేశ్వరరావు (1922-1999) రెండవ మార్పుకు ప్రతినిధి. ఆయన తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసులు. రాజేశ్వరరావు బాల్యంలో శ్రీకృష్ణ లీలలు (1935) చిత్రంలో కృష్ణునిగా నటించారు. కలకత్తాలో ఉన్నప్పుడు అక్కడి సినీ సంగీత పద్ధతులను గ్రహించారు. చంద్రలేఖ (1948), మల్లీశ్వరి (1951), మిస్సమ్మ (1955) ఆయన సంగీతం సమకూర్చిన ప్రసిద్ధ చిత్రాలు. పక్కవాద్యాలతో కూడిన కచేరీ పద్ధతి నుండి అనేక వాద్యాల మేళనంతో కూడిన వాద్యగోష్ఠికి దక్షిణాది సినీ సంగీతం మారడంలో ఆయన పాత్ర పెద్దది. ఈ పద్ధతిలో సంగీత దర్శకుడు బాణీ కట్టేవాడు, నిర్వాహకుడు ఎవరి భాగం వారికి రాసి ఇచ్చేవాడు, గాయకులు వాద్యకారులు ఒకేసారి వాయించి రికార్డు చేసేవారు. ఒక్కరు తప్పినా అందరూ మళ్ళీ మొదలు పెట్టవలసిందే.

మూడవ మార్పు ఎలక్ట్రానిక్ వాద్యాలది. రాజేశ్వరరావు కుమారుడు కోటి (కోటేశ్వరరావు), సంగీత దర్శకుడు టి.వి.రాజు కుమారుడు రాజ్ చక్రవర్తి వద్ద సహాయకులుగా పనిచేశారు. 1983లో ప్రళయగర్జన చిత్రంతో రాజ్-కోటి జంటగా సంగీత దర్శకులయ్యారు. యముడికి మొగుడు (1988), హలో బ్రదర్ (1994) వారి విజయవంతమైన చిత్రాలలో కొన్ని. మద్రాసు స్టూడియోలలో కీబోర్డులు, లయ యంత్రాలు, శాంప్లర్లు స్థిరపడిన కాలం అదే. 1986లో ఇళయరాజా పున్నగై మన్నన్ అనే తమిళ చిత్రానికి సీక్వెన్సరు వాడారు. తరువాత ప్రసిద్ధులైన ఎ.ఆర్.రెహమాన్, మణిశర్మ రాజ్-కోటి వద్ద కీబోర్డు వాయించినవారే. ఈ పద్ధతిలో బాణీ కట్టడం, వాద్యాలను అమర్చడం, వాయించడం అనే మూడు పనులు ఒకే మనిషి చేతిలోకి రాగలిగాయి.

ఈ తరాలలో సాధనం, పని క్రమం రెండూ మారాయి. బాణీని ముందు మనసులో వినగలగడం, ఏ చోట ఏ ధ్వని కావాలో తెలియడం మాత్రం మారలేదు. తండ్రి వాద్యగోష్ఠిలో వెతికిన మేళనాన్ని కుమారుడు మీటలపై వెతికాడు.

ఉత్తరాంధ్ర వాద్యాల నమోదు

శాంప్లర్లతో పాటు అందించే ధ్వనుల సంపుటాలలో పాశ్చాత్య డ్రమ్ములు, గిటార్లే ఎక్కువ. భారతీయ వాద్యాలంటే తబలా, సితార్ వంటివి దొరుకుతాయి. ఉత్తరాంధ్ర వాద్యాలను ఎవరికి వారు నమోదు చేసుకోవలసిందే.

జముకుల కథలో వాయించే జముకు ఒకవైపు చర్మం బిగించిన పాత్ర. చర్మం మధ్య నుండి వచ్చే తంత్రిని లాగి మీటుతారు. తంత్రిని బిగిస్తే స్వరం పైకి, వదిలితే కిందికి జారుతుంది. దీనిలో ఒక దెబ్బ ఒక స్వరం కాదు, ఒక జారు. తప్పెటగుళ్ళలో కళాకారులు రేకుతో చేసిన తప్పెటలను రొమ్ముపై కట్టుకొని ఆడుతూ వాయిస్తారు. అడుగుల చప్పుడు, గజ్జెల మోత కలిసినదే ఆ ధ్వని. మన్యంలోని థింసా నృత్యానికి తుడుము, డప్పు, మోరి, కిరిడి వంటివి వాద్యాలు.

ఇటువంటి వాద్యాలను ఒక్క దెబ్బతో నమోదు చేసి పదేపదే వినిపిస్తే యంత్రపు మోతలా ఉంటుంది. ఒక్కొక్క రకపు దెబ్బను మెల్లగా, మధ్యమంగా, గట్టిగా మూడు స్థాయులలో, స్థాయికి నాలుగు సార్లు చొప్పున 12 సార్లు నమోదు చేసి, యంత్రం వాటిని మార్చి మార్చి పలికించేలా అమర్చాలి. జముకుకు జారు మొత్తాన్ని ఒకే ముక్కగా ఉంచాలి. విడి దెబ్బలతో పాటు, కళాకారుడు ఒక వరుసను పూర్తిగా వాయించినది కూడా తీసుకోవాలి. దెబ్బలు మాత్రమే ఉంటే అది ధ్వని, వాటి నడక కూడా ఉంటేనే అది ఆ కళ. కళాకారుని పేరు, ఊరు, తేదీ రాసి ఉంచడం తరువాతి వారికి మేలు.

వాద్యకారులపై ప్రభావం

వాద్యగోష్ఠి కాలంలో ఒక పాటకు అనేక మంది వాద్యకారులకు పని దొరికేది. 1980ల చివరి నుండి వయొలిన్ బృందాలు, లయవాద్యకారుల పనిని చాలా వరకు కీబోర్డు, శాంప్లర్ చేయసాగాయి. పల్లెల్లో, పట్టణాలలో జరిగే పాటకచేరీ బృందాలలోనూ పలు లయవాద్యాల స్థానంలో ఆక్టోప్యాడ్ ఒక్కటే నిలిచింది. కొందరు వాద్యకారులు కొత్త సాధనం నేర్చుకొని నిలదొక్కుకున్నారు, కొందరు వృత్తిని విడిచారు. మరోవైపు, పెద్ద స్టూడియో ఖర్చు భరించలేని యువకులకు ఇంట్లోనే పాట తయారు చేసుకొనే వీలు కలిగింది. శాంపిల్ ఇచ్చిన వాద్యకారుడు ఒక రోజు పారితోషికం తీసుకుంటాడు, ఆ ధ్వని మాత్రం ఏళ్ళ తరబడి వాడుకలో ఉంటుంది. అందువలన నమోదుకు ముందే వాడుక, పారితోషికం, పేరు ప్రస్తావనల గురించి రాతపూర్వకంగా ఒప్పుకోవడం న్యాయం.

హక్కులు

ఇతరుల రికార్డు నుండి ముక్కను తీసుకోవడానికి అనుమతి అవసరం. భారత కాపీరైటు చట్టం, 1957 ప్రకారం శబ్ద ముద్రణపై హక్కు అది ప్రచురితమైన మరుసటి సంవత్సరం నుండి 60 ఏళ్ళు ఉంటుంది. సాహిత్యం, బాణీలపై హక్కు రచయిత జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్ళు ఉంటుంది. ఉదాహరణకు 1951 నాటి ముద్రణపై హక్కు 2011తో ముగుస్తుంది. అదే పాట బాణీ 1999లో మరణించిన సంగీత దర్శకునిది, సాహిత్యం 1980లో మరణించిన కవిది అయితే బాణీపై హక్కు 2059 వరకు, సాహిత్యంపై 2040 వరకు ఉంటుంది. కాబట్టి ముద్రణ హక్కు తీరినంత మాత్రాన పాటను స్వేచ్ఛగా వాడుకోవచ్చుననుకోవడం సరికాదు. వాయించిన కళాకారునికి ప్రదర్శకునిగా 50 ఏళ్ళ హక్కు వేరుగా ఉంది. జముకు, తప్పెట కళాకారులకు కూడా ఇది వర్తిస్తుంది.

ఇవి కూడా చూడండి

• సాలూరు
• సాలూరు రాజేశ్వరరావు
• పట్రాయని సీతారామశాస్త్రి
• రాజ్-కోటి
• హార్మోనియం
• జముకుల కథ
• తప్పెటగుళ్ళు
• థింసా నృత్యం